కూర మన పెరటిదే, నీరు ఎక్కడిది?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వరకు బొంబాయి రోడ్డుకు ఇరుప్రక్కల ఉన్న ఊళ్ళలో నేడు నెలజీతగాడు లేని ఇల్లు కనబడుట కష్టము. 1970 దశకములో ఇక్కడ పారిశ్రామికవాడ వెలసిన నాటి నుంచి భూమి ఎకరాల లెక్కన చేతులు మారినది. నాగలి పట్టిన చేతులే ఇప్పుడు ఫ్యాక్టరీ గేటువద్ద హాజరుకు వేలిముద్ర వేస్తున్నవి. దీనిని తప్పు పట్టుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుటలేదు. నెలజీతము వానకోసము ఎదురుచూడదు, అది మేలే. కాని ఒక సంగతి మీరును గమనించియే ఉందురు. ఒకనాడు ఈ ఊళ్ళలో రైతు ఇంటికి ఉప్పు, కిరసనాయిలు, బట్ట వంటివి తప్ప బయట కొనవలసినవి బహు కొద్ది. కూర పొలము గట్టున దొరికేది, పాలు కొట్టములో ఉండేవి. నేడు అదే ఇంటిలో కరివేపాకు రెమ్మ మొదలు కొత్తిమీర కట్ట వరకు డబ్బు పెట్టనిదే గడప దాటి లోపలికి రాదు. జీతము ఒకటవ తారీఖున వచ్చును. ఇరువైయవ తారీఖుకు ఇల్లాలు కూరగాయల బండివానితో "అన్నా, రాసిపెట్టుకో, ఒకటో తారీఖు ఇస్త" అనవలసి వస్తున్నది.

పొదుపు అనగానే మనవారు కడుపు కట్టుకొనుట అనుకొందురు. ధరలు పెరిగిన నెలలో మొదట తగ్గించునది ఆకుకూర, పప్పు, గుడ్డు. సెల్‌ఫోను వాయిదా తగ్గదు, మోటారు సైకిలు వాయిదా తగ్గదు, చిట్టీ తగ్గదు. ఇది పొదుపు కాదు, ఒంటిని కుదువబెట్టి అప్పు తీర్చుట. బియ్యమునకు కొదువ లేదు. 2025 ఉగాది నుంచి రేషను దుకాణములో సన్నబియ్యమే ఇస్తున్నారు. కొదువ అంతయు ఆ అన్నములో కలుపుకొను కూరలో ఉన్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా, ఆరు నెలలు నిండిన అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మంది రక్తహీనతతో ఉన్నారు. అన్నము దొరకని నాటి రోగము కాదు ఇది. పచ్చడి మెతుకులతో పూట గడుపుట వలన వచ్చినది చాలవరకు ఇందులో ఉన్నది.

ఒకసారి లెక్క వేసి చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి మార్గదర్శకములలో మనిషికి రోజుకు కనీసము 300 గ్రాముల కూరగాయలు, అందులో 50 గ్రాములు ఆకుకూర ఉండవలెనని చెప్పినది. 2024లో ఆ మొత్తమును 400 గ్రాములకు పెంచినది. మనము తక్కువ లెక్కే తీసుకొందాము. నలుగురున్న ఇంటికి రోజుకు కిలో ఇరువది తులాలు, అనగా 1,200 గ్రాములు. నెలకు 36 కిలోలు. కిలో సగటున 40 రూపాయలనుకొన్నను నెలకు 1,440 రూపాయలు. ఎంతమంది ఇండ్లలో ఇంత మొత్తము కూరగాయలకు పెడుతున్నారు? పెట్టలేకనే సగము తిని సరిపెట్టుకొంటున్నారు.

ఇక ఇరువది గజముల పెరడున్న ఇల్లాలు ఇంటికి కావలసిన కూరగాయలన్నియు పండించగలదని ఎవరైన చెప్పినచో నమ్మకండి. అది సభలలో చెప్పు మాట. శ్రద్ధగా చేసినచో అందులో మూడవవంతు రావచ్చును. మూడవవంతు అనగా నెలకు 12 కిలోలు, పై లెక్కన 480 రూపాయలు. ఇది చూచి కొందరు నవ్వుదురు. ఫ్యాక్టరీలో ఒకనాడు అదనపు డ్యూటీ చేసిన వచ్చును గదా అందురు. వచ్చును. కాని ఆ డ్యూటీ డబ్బుతో ఆకుకూర కొన్నవారిని నేను అరుదుగా చూచినాను. పెరటిలో తోటకూర ముదిరిపోతున్నదన్న మాటే దానిని పొయ్యిమీదికి తెచ్చును. పెరడు చేయు మేలు డబ్బు మిగుల్చుటలో కన్న, మిగిలిన డబ్బును పప్పుకు, గుడ్డుకు వదలిపెట్టుటలో ఎక్కువ.

తీరిక లేదనువారికి జవాబు చెప్పనక్కరలేదు. తీరిక ఎక్కడికి పోతున్నదో వారికే తెలియును. జాగా లేదనువారి మాట వేరు. వారిలో చాలమందికి జాగా ఉండెను. గృహప్రవేశమునకు ముందు దానిని తామే సిమెంటు చేసినారు. ప్రహరీ గోడ మొదలు వంటింటి గోడ వరకు మట్టి కనబడకుండ పరచి, పైన పలకలు వేసి, బురద అంటదని సంతోషించినారు. ఇల్లు కట్టబోవువారు పది గజముల మట్టిని వదలిన చాలును. కట్టిన తరువాత పగులగొట్టి మట్టి పోయించుటకు అయ్యెడు ఖర్చు, దానిని వదలుటకు ఏమియు కాదు.

అయితే ఈ సాకులన్నిటికంటె బలమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. దానిని మన ప్రచారములలో ఎవరును ఎత్తరు. నీరు ఏది? ఈ ప్రాంతములో పెరటితోట వేయమని చెప్పువాడు ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెను. కోనసీమలో పెరటితోటకు చెప్పెడు మాట ఇక్కడ చెప్పిన సరిపోదు.

కాజీపల్లి, గండిగూడెం, బొల్లారం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్ళవారికి ఈ కథ క్రొత్త కాదు. ఫ్యాక్టరీల మురుగు వాగులలోను, చెరువులలోను చేరి, నక్కవాగు వెంట మంజీరవరకు పోయినది. బోర్ల నీరు రంగు మారినది, చేలు పాడైనవి. 1990లో ఈ కాలుష్యముపై సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. అది హైకోర్టుకు, అటనుంచి జాతీయ హరిత ట్రిబ్యునలుకు పోయి 2017లో పరిష్కారమైనది. అనగా 27 ఏండ్లు. వ్యాజ్యము వేసిననాడు పుట్టిన బిడ్డ తన బిడ్డను ఎత్తుకొని తిరుగు కాలము. నడుమ 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు జోకిం లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించినారు. సుమారు 90 మందుల తయారీ సంస్థల మురుగును స్వీకరించుచుండిన పటాన్‌చెరు శుద్ధికేంద్రము నుంచి బయటకు వచ్చిన నీటిని వారు పరీక్షించినారు. సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు అందులో ఉండెను. జ్వరమునకు డాక్టరు వ్రాసి ఇచ్చు మందు వాగులో పారినదన్నమాట. ఆ పరిశోధన తరువాత పటాన్‌చెరు పేరు ప్రపంచమంతట వినబడినది.

అన్ని బోర్లు చెడినవని నేను చెప్పుటలేదు. వాగుకు ఎగువన, దూరముగా ఉన్న బోర్లు బాగుండవచ్చును. చిక్కేమనగా, చెడిన నీరు చూచుటకు తేటగా ఉండవచ్చును. సీసము, కాడ్మియము, ఆర్సెనిక్ వంటివి నీటిలో ఉన్నను రంగు ఉండదు, వాసన ఉండదు. మొక్క పచ్చగానే పెరుగును. ఇల్లాలు మందు కొట్టని కూర అని పిల్లలకు నిశ్చింతగా వడ్డించును. మందు కొట్టనిమాట నిజమే. కడిగిన ఆకు మీది దుమ్ము పోవును గాని, వేరు పీల్చి ఆకులో దాచిన లోహము కడిగినను పోదు, ఉడికించినను పోదు.

కాబట్టి ఈ ప్రాంతములో పెరటితోట పని విత్తనముతో గాక నీటి సీసాతో మొదలుపెట్టవలెను. గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలో గాని, గుర్తింపు ఉన్న ఇతర ప్రయోగశాలలో గాని బోరు నీటిని పరీక్ష చేయించండి. చిన్న పెట్టెతో అక్కడికక్కడ చేయు పరీక్ష లవణములు, గట్టితనము, ఆమ్ల క్షారగుణము వంటివి చెప్పును. సీసము, కాడ్మియముల వంటి లోహములకు ప్రయోగశాల పరీక్షే కావలెను. ఆ సంగతి వ్రాసి మరీ అడగండి. పదిమంది కలిసి ఒకే వాడలోని రెండు మూడు బోర్లకు పరీక్ష చేయించినచో ఖర్చు పంచుకొనవచ్చును.

పరీక్ష ఫలితము వచ్చువరకు తోట ఆపనక్కరలేదు. బోరు తాకకుండ నడపవచ్చును. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు, పప్పు కడిగిన నీరు నలుగురున్న ఇంటిలో రోజుకు ఒకటి రెండు బకెట్లకు తక్కువ ఉండదు. ఆ నీరు ఎటులను నల్లా నీరే. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమైన తరువాత ఈ ఊళ్ళకు బయటనుంచి శుద్ధిచేసిన నీరు వస్తున్నది. ఆ నీటిని నేరుగ పైపు పెట్టి మొక్కలకు వదలుట తగదు, అది తాగు నీరు. ఒకసారి వంటింటిలో వాడినది తొట్లలో పోయుటకు ఎవరి అభ్యంతరమును ఉండదు. సబ్బు కలిసిన నీరు మాత్రము కూర తొట్లకు వద్దు.

వాననీటి మాట మనవారు మరచిపోయినారు. నూరు గజముల మిద్దెపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన 800 లీటర్ల నీరు క్రిందికి దిగును. తొలకరి మొదటి రెండు వానలతో మిద్దెపై పడిన ఫ్యాక్టరీ పొగ, దుమ్ము కడుక్కుపోవును గనుక ఆ నీరు వదలివేయవలెను. తరువాతి వానల నీరు తొట్టిలో పట్టి మూతపెట్టి ఉంచిన, దోమలు పెరుగకుండ వానకు వానకు నడుమ తోటకు సరిపోవును.

ఇక పొదుపు పేరుతో జరుగు మూడు పనులను గూర్చి ఇక్కడివారిని ప్రత్యేకముగ హెచ్చరించవలసియున్నది. మొదటిది నీలి పీపాలు. ఫ్యాక్టరీలనుంచి బయటపడిన రసాయనముల పీపాలు చవుకగా అమ్ముదురు. వాటిని కడిగి, నడుమకు కోసి, మట్టి నింపి మొక్కలు పెట్టువారున్నారు. నీళ్ళు నిలువచేయువారును ఉన్నారు. అందులో మునుపు ఏమి ఉండెనో అమ్మినవానికే తెలియదు. నూరు రూపాయలు మిగిలినవని సంతోషించుట దేనికి? కుండ, పగిలిన బిందె, సిమెంటు తొట్టి, ఇటుకలు పేర్చిన మడి చాలును.

రెండవది చెరువు మట్టి. పూడిక మట్టి పొలమునకు బలమని పెద్దలు చెప్పినది అక్షరాల నిజము. 2015లో మిషన్ కాకతీయ వచ్చినప్పుడు రైతులు ట్రాక్టర్లు పెట్టి తోలుకొన్నారు. అయితే ఫ్యాక్టరీ కాలువ దిగిన చెరువులో ఏండ్ల తరబడి అడుగున చేరినది ఒండ్రు ఒక్కటే కాదు. అటువంటి చెరువు మట్టిని తొట్లలో నింపవద్దు. వాగుకు దూరముగ ఉన్న చేనిమట్టి, మాగిన పశువుల ఎరువు కలుపుకొనుట మేలు. వ్యర్థములతో మెరకచేసిన ప్లాట్లలోను నేలలో నేరుగ కూర వేయకుండ, మోకాలెత్తు మడి కట్టి మంచిమట్టి నింపి వేయవలెను. ఇది క్రొత్త ఉపాయము కాదు. 1991లో సోవియట్ యూనియను కూలిన తరువాత క్యూబా దేశమునకు చమురు, ఎరువులు, ఆహారము రాక తగ్గి ప్రజలు పస్తులుండవలసి వచ్చినప్పుడు, హవానా నగరములో నేల పనికిరాని చోట గోడలు కట్టి మట్టి, కంపోస్టు నింపి కూరగాయలు పండించినారు.

మూడవది శుద్ధినీటి యంత్రములనుంచి వచ్చు వృథా నీరు. ఇరువది లీటర్ల క్యాను నింపు కేంద్రములవద్ద అది కాలువలో పోవుచుండును. చూచినవారికి ప్రాణము ఉసూరుమనును. యంత్రము వడపోసి వెనుకకు నెట్టిన లవణములు, లోహములు అన్నియు ఆ నీటిలోనే చిక్కబడి ఉండును. ఇల్లు కడుగుకొండి, కూర మొక్కకు మాత్రము పోయకండి.

నీరు కొంచెము అనుమానముగ ఉన్నను మరి మార్గము లేనివారు పంట మార్చవలెను. నేలలోని లోహములను ఆకుకూరలు, దుంపలు ఎక్కువగ పట్టుకొనును. కాయలలోనికి అంతగా చేరవు. అందుచేత నేలలో బీర, సొర, కాకర, చిక్కుడు, వంగ వేసి, పాలకూర, మెంతి, తోటకూర, ముల్లంగి మాత్రము మంచిమట్టి, మంచినీరు ఉన్న తొట్లకు మార్చండి. వాగు గట్లమీద, మురుగుకాలువల ప్రక్కన నవనవలాడుచు పొన్నగంటి, తోటకూర మొలిచి ఉండును. ఊరక దొరికినదని కోయకండి. ఎవరైన కట్టలు కట్టి తెచ్చి అమ్మినను, ఎక్కడ కోసినావమ్మా అని అడిగి తీసుకొండి.

ఇదే జిల్లాలో, ఇదే రోడ్డుపై పడమరకు సుమారు 70 కిలోమీటర్లు పోయిన జహీరాబాదు వచ్చును. అక్కడ పస్తాపూరు చుట్టుప్రక్కల ఊళ్ళలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి స్త్రీల సంఘములతో పనిచేయుచున్నది. ఆ స్త్రీలలో అధికులు దళితులు. వారి భూములు ఎర్రనేలలు, వానపై ఆధారపడిన చిన్నచిన్న కమతములు. జొన్నలో కంది, కొర్ర, సజ్జ, అనుములు, పెసర, బొబ్బర, నువ్వు, పుంటికూర కలిపి ఒకే చెలకలో వేయుదురు. ఒకటి పోయిన ఒకటి చేతికి వచ్చును. విత్తనము కొనరు. బూడిద, వేపాకు కలిపి గుల్లలలో దాచుకొందురు. లేనివారు ఒక కొలత తీసుకొని పంట వచ్చిన తరువాత రెండు కొలతలు తిరిగి ఇత్తురు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము ఆ సంస్థకు వచ్చినది. సంస్థను నడిపిన పి. వి. సతీష్ గారు 2023లో కాలధర్మము చెందినారు.

పటాన్‌చెరులో జీతముండి కూర కొనలేనివారు, జహీరాబాదులో జీతము లేక కూర కొననక్కరలేనివారు. రెండును ఒకే జిల్లా. జహీరాబాదు చెలకలో కలుపుమందు పడదు గనుక విత్తకుండనే మొలిచిన ఆకులు ఇంటికి వచ్చును. తుమ్మికూర, దొగ్గలికూర, గంగవాయిలి, ఎలకచెవులకూర, గునుగు – బతుకమ్మకు పువ్వు కోయు ఆ గునుగే, లేతగా ఉన్నప్పుడు మంచి కూర. వీటి పేర్లు ఇప్పటి మన పిల్లలకు తెలియవు. పెరటి తొట్టిలో గంగవాయిలి తానై మొలిచిన, పిచ్చిమొక్క అని పీకి పారవేయుదురు. ఆ పీకిన దానినే పప్పులో వేయవచ్చును.

జొన్న చెలకను పెరటికి తెమ్మని నేను చెప్పుటలేదు. విత్తనము దాచుకొను అలవాటును తేవచ్చును. సంచి విప్పిన ఏటికొకసారి మారు సంకరజాతి విత్తనము పెరటికి ఎందుకు? చిక్కుడు, బీర, సొర, తోటకూర, పుంటికూర నాటు విత్తనములు ఒక ఇంటినుంచి ఒక ఇంటికి పోవలెను. ఒక మంచి కాయను తీగమీదనే ముదరనిచ్చి, ఎండబెట్టి, పొయ్యి బూడిద దొరికిన బూడిదలో, లేకున్న ఎండు వేపాకులో కలిపి సీసాలో పెట్టిన మరుసటి ఏటికి పనికివచ్చును.

ఇక్కడ ఒక మాట న్యాల్‌కల్, ఝరాసంగం మండలముల రైతులకు. నిమ్జ్ అని పిలుచు జాతీయ పెట్టుబడి, ఉత్పాదక మండలము కొరకు మీ భూములు తీసుకొనుట జరిగినది. పటాన్‌చెరు 50 ఏండ్ల క్రిందట ఎక్కిన మెట్టే మీరిప్పుడు ఎక్కుతున్నారు. పరిహారము ఎంత రావలెను అనునది మీరును, ప్రభుత్వమును తేల్చుకొనవలసిన విషయము. దానితో పాటు రెండు పనులు చేయండి. ఫ్యాక్టరీలు రాకముందే మీ బావుల, బోర్ల నీటిని పరీక్షచేయించి ఆ కాగితము భద్రపరచుకొండి. పటాన్‌చెరువారు మా నీరు మునుపు ఇట్లు ఉండెను అని చూపుటకు చేతిలో కాగితము లేక ఎంత ఇబ్బందిపడిరో విచారించండి. మీ ఇంటి గుల్లలలోని విత్తనమును గింజ లేకుండ అమ్ముకొనవద్దు. చెలక పోయినను పెరడు మిగులును.

పెరటితోట పేరుతో పెట్టు ఖర్చును గూర్చి కొంత చెప్పవలెను. ఈ మధ్య పట్టణములలో మిద్దెతోట ఒక వేడుకగా మారినది. రంగు రంగుల సంచులు, కొబ్బరిపొట్టు ఇటుకలు, సన్న పైపులు, సీసాలలో ద్రవ ఎరువులు కొని, మొదటి ఏడు టమాటా కిలో 500 రూపాయలకు పండించి, రెండవ ఏడు మిద్దె మీదికి ఎక్కుటయే మానివేసినవారున్నారు. దానికి మారుగా హైదరాబాదు శివారు నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తమ మిద్దెపై ఇటుక మడులు కట్టి, మట్టి, పశువుల ఎరువు నింపి, కూరగాయలు, పండ్లు పండించి, చూడవచ్చినవారికి విసుగు లేక చెప్పినారు, పుస్తకమును వ్రాసినారు. మిద్దె బరువు మోయునా అనునది మేస్త్రీని అడిగి, దూలములపై, గోడల వెంట మడులు పెట్టుకొనవలెను.

మొదటి ఏటికి నాలుగు వస్తువులు చాలును: పచ్చిమిర్చి, కరివేపాకు, ఏదైన ఒక ఆకుకూర, ఒక తీగ. ఇంటికి ఆరు మిరప మొక్కలు సరిపోవును. ఆకుకూర ఒకేసారి చల్లక పదిహేను రోజుల తేడాతో మూడు తొట్లలో చల్లిన ఎల్లప్పుడు ఒకటి కోతకు ఉండును. స్థలము ఉన్నవారు ప్రహరీ మూలన మునగ కొమ్మ ఒకటి పాతండి. గొంగళి పురుగు వచ్చునని భయపడువారు ఏటేట కొమ్మలు నరికి పొట్టిగా ఉంచి, ఆకు కోసము పెంచవచ్చును. మునగాకు పప్పు వారమునకు ఒకసారి తిను ఇంటిలో బాలింతకు ప్రత్యేకముగ టానిక్కు వెతకనక్కరలేదని అనను, డాక్టరిచ్చిన ఇనుపమాత్ర మానరాదు. ఆకు మాత్రకు తోడుగా ఉండును. జామ, మామిడి అంట్లు కావలసినవారు సంగారెడ్డి ఫల పరిశోధనా స్థానమును విచారించవచ్చును. కోళ్ళు పెంచదలచినవారికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులు పెరటికి తగినవి. వంటింటి మిగులు గింజలు, ఆకులు వాటికి సగము మేత.

పేనుబంక పట్టిన చిక్కుడుపై తెల్లవారుజామున మంచు ఉండగ బూడిద చల్లుట మన పెద్దల పద్ధతి. లొంగనిచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు నూరి, రాత్రి నానబెట్టి, వడగట్టి చల్లండి. పెరటికి పురుగుమందు సీసా తేవద్దు. పిల్లలు తిరుగు చోటు అది.

ఇప్పుడు గ్రామాధికారులతో రెండు మాటలు. పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణ అధికారులు, అంగన్‌వాడీ టీచర్లు పెరటితోటలపై సమావేశములు పెట్టి, విత్తన పొట్లములు పంచి, ఫోటో తీయించుకొనుట సులభము. ఈ పారిశ్రామిక ప్రాంతములో నీటి పరీక్ష కాగితము చేతిలో లేకుండ ఆ పొట్లము పంచుట తగదని నా అభిప్రాయము. ఆ ఇల్లాలు మీ మాట నమ్మి ఆకుకూర వేసి పిల్లలకు పెట్టును. ఆమె నమ్మకమునకు మీరు పూచీ. ఊరిలోని బోర్లలో ఏది కూరకు పనికివచ్చును, ఏది రాదు అనునది తెలుగులో, పెద్ద అక్షరములతో, తేదీ వేసి పంచాయతీ గోడపై వ్రాయించండి. ఇంటిపన్ను బకాయిల పట్టీ అంటించు గోడపై దీనికిని చోటు దొరకును. పరీక్ష ఫలితము చెడుగ ఉన్నదని దాచినచో ఊరికి చెడ్డపేరు రాకుండ ఆపినట్లు కాదు. ప్లాట్ల ధర పడిపోవునని పెద్దలు అభ్యంతరము చెప్పవచ్చును. చెప్పనివ్వండి.

పంచాయతీ నర్సరీలో పూలమొక్కలతో పాటు మిరప, వంగ, టమాటా నారు, కరివేపాకు, మునగ పెంచిన ఖర్చు పెద్దగా పెరుగదు. అంగన్‌వాడీ, పాఠశాలల ఆవరణలో మంచినీరున్నచోట మొదట ఒక మడి కట్టించి, ఊరివారికి చూపండి. కిరాయి ఇండ్లలో ఉండు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కార్మిక కుటుంబములను మరచిపోవద్దు. వారికి పెరడు లేదు, ఊరి సంగతి తెలియదు, ఏ బోరు చెడినదో చెప్పువారు లేరు. కాలువ ప్రక్క ఆకు కోసుకొను అవసరము పడునది వారికే. గోడపై వ్రాయించు మాటను హిందీలోను ఒకసారి వ్రాయించండి.

మృగశిర కార్తె జూను 7, 8 తేదీలలో ప్రవేశించును. పందిరి చిక్కుడు గింజలు అప్పుడు పెట్టినవారికి దసరా దాటిన తరువాత పూతపట్టి, చలి అంతయు కాయ కాయును. బీర, సొర, కాకర కూడ ఆ వానలకే పెట్టవలెను. బోరు నీటి పరీక్షకు మే నెలలోనే పంపండి. వానలకు ముందు తీసిన నీటిలో లోపము దాగదు. మోటారు వేసి పది నిమిషములు నీరు పోనిచ్చి, మందుల సీసా గాని, నూనె సీసా గాని కాకుండ ప్రయోగశాలవారు ఇచ్చిన సీసాలోనే పట్టి, మూత బిగించి, ఏ ఇంటి బోరు, ఎన్ని అడుగుల లోతు, ఏ తేదీన తీసినది కాగితముపై వ్రాసి అంటించి, అదే దినమున చేర్చవలెను.